నర్సింగరావు సినిమాల నెగెటివ్‌లను ఇప్పుడే వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

గద్దర్ పేరిట మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో సినిమా అవార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా సంతోషం. ఆ గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడుతుంటే తెర మీద జనం మొదట చూసింది 1980లో విడుదలైన ‘మా భూమి’లో. ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు గారి సినిమాలు మా మనవలకు చూపిద్దామని వెతికితే నాకు దొరికినవి ఇంటర్నెట్‌లో మసకబారిన కాపీలే. అవార్డుల సభకు అయ్యే ఖర్చులో కొంతైనా ఆ రీళ్లను కాపాడటానికి పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను సినిమా టాకీసులో ఆపరేటర్‌గా చేసి రిటైరైన వాణ్ని. ప్రింటు ఎలా చచ్చిపోతుందో చేత్తో పట్టుకుని చూశాను. మూత తీయగానే ఘాటుగా సిర్కా (వెనిగర్) వాసన కొడుతుంది. ఫిల్మ్ ముడుచుకుపోయి ఒక చుట్టు ఇంకో చుట్టుకు అంటుకుపోతుంది. రంగుల ప్రింటయితే ఆకుపచ్చ, నీలం ముందు పోయి అంతా ఎర్రబారుతుంది. హాళ్లు మూతపడ్డాక పాత డబ్బాలు కిలోల లెక్కన తుక్కు సామాన్ల వాళ్లకు పోయాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో వెండి ఉంటుందని కరిగించారు కూడా.

నర్సింగరావు గారిది గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్, భూస్వామ్య కుటుంబం. బొమ్మలు వేసే మనిషి. తెలుగు రాని బెంగాలీ యువకుడు గౌతమ్ ఘోష్‌ను పిలిచి, తెలంగాణ రైతాంగ పోరాటం మీద ఆయన చేత ఆయన మొదటి కథాచిత్రం ‘మా భూమి’ తీయించారు. పెద్ద స్టార్లు లేరు, స్టూడియో సెట్టింగులు లేవు. మార్నింగ్ షోలుగా హైదరాబాద్‌లో ఆ సినిమా ఎంతకాలం ఆడిందో ఆ తరం వాళ్లను అడగండి. తర్వాత తనే దర్శకుడై ‘రంగుల కల’, ‘దాసి’, ‘మట్టి మనుషులు’ తీశారు. మూడూ జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రాలుగా ఎంపికయ్యాయి. దర్శకుడిగా ఆయన తీసిన కథాచిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మార్కెట్ కోసం ఒక్కటి తీసి ఉంటే ఇంకో పది తీసేవారేమో, కానీ ఆయన ఆ దారి పట్టలేదు. అందుకే ఉన్న ఆ కొన్నీ పోకూడదంటున్నాను.

‘దాసి’ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1988 సంవత్సరానికి దానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం ఒకటి, ఉత్తమ నటిగా అర్చన గారికి ఒకటి. మిగిలిన మూడూ కంటికి సంబంధించినవే: కెమెరాకు ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి మన వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, బతికే ఒక దాసి కథ అది. మాటలు చాలా తక్కువ. గడీ లోపలి చీకటి, దీపం వెలుగు, నేత చీర రంగు, ఇత్తడి గిన్నె మీది మెరుపు ఇవే కథ చెప్తాయి. ఆ చీకట్లో ఏముందో మంచి ప్రింటులోనే తెలుస్తుంది. వీడియో కాపీలో అదంతా నల్లటి ముద్ద. అర్చన గారి ముఖంలో మూడు వంతులు ఆ నలుపులోనే పోతుంది. సినిమా స్లోగా ఉందని మా మనవడు మధ్యలో లేచి వెళ్లాడు. వాడి తప్పేం లేదు, వాడికి చూడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఇది సాధ్యం కాని పనేం కాదు. పుణెలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. మలయాళంలో అరవిందన్ తీసిన ‘తంపు’ను బాగు చేసి 2022లో, మణిపురి ‘ఇషానౌ’ను బాగు చేసి 2023లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో చూపించారు. మణిపూర్ సినిమాకు జరిగింది తెలంగాణ సినిమాకు ఎందుకు జరగదు?

చేయాల్సింది ముందు నెగెటివ్, అంటే ప్రింట్లు తీసే అసలు ఫిల్మ్, ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో తేల్చడం. సౌండ్ నెగెటివ్ విడిగా ఉంటుంది, దాన్నీ మరవొద్దు. తర్వాత స్కానింగ్, ఫ్రేము ఫ్రేముకూ గీతలు తుడవడం. చివరిది రంగులు సరిచేయడం. అక్కడ యంత్రం ఒక్కటే చాలదు. ఈ గోడ ఎంత నల్లగా ఉండాలి, ఈ చీర ఎంత ఎర్రగా ఉండాలి అని చెప్పడానికి తీసిన మనిషి పక్కన కూర్చోవాలి. నర్సింగరావు గారు 1946లో పుట్టారు. అందుకే వచ్చే బడ్జెట్ దాకా, ఆ పై బడ్జెట్ దాకా ఆగొద్దంటున్నాను.

బాగు చేసిన ప్రింటు మొదటి ఆట గజ్వేల్‌లో వేయండి, హైదరాబాద్ తర్వాత. అప్పటిదాకా, పాత ఫిల్మ్ డబ్బాలు ఇంట్లో ఉన్నవారికి ఒక మనవి: ఎండలో ఆరబెట్టకండి, అంటుకున్న రీలును లాగకండి. నేల తగలకుండా చల్లటి పొడి గదిలో పడుకోబెట్టి ఉంచి, పుణె ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి.

- ఒక విశ్రాంత సినిమా ఆపరేటర్, సిద్దిపేట