మూడు కిలోవాట్లకు ఇంకో రెండు

తెనాలి

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్‌లో మాట సగంలో ఆగిపోయింది కదా, మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. మీ ఒంగోలు ఇంటి మీదున్న మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లకు ఇంకో మూడు కలపమని ఆ సోలార్ పెట్టే కుర్రాడు చెప్పాడన్నావు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు. మా ఇంట్లో అదే పని ఈ మధ్యే పూర్తయింది.

డాబా ఎంత ఖాళీ ఉందన్నది తర్వాత, ముందు ఏడాది కరెంటు బిల్లులు తియ్యి. మన వైపు ఒక కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మూడింటికి నెలకు 360 అనుకో. పిల్లలు ఇంటికొచ్చేశాక రెండో ఏసీ, ఎలక్ట్రిక్ స్కూటర్ చేరి ఎండాకాలంలో మా వాడకం 700 దగ్గరికి వెళ్లింది. సోలార్ పోగా 340 బిల్లుకు ఎక్కుతోంది. 225 దాటితే యూనిట్ 8 రూపాయల 75 పైసలు, నీకు తెలిసిందే. ఇంకో రెండు కిలోవాట్లు పెడితే 240 తగ్గి, ఒక 100 యూనిట్లు మిగులుతాయి. అవి కింది శ్లాబులవి: మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, ఆ పైన నాలుగున్నర. వాటిని కూడా తుడిచేద్దామని ఇంకో కిలోవాట్ పెట్టామనుకో, ఖర్చు అంతే, ఆదా మాత్రం సగం కూడా ఉండదు. చలికాలంలో ఏసీలు ఆగితే మిగులు గ్రిడ్‌కు పోతుంది. దానికి చివర్లో కరెంటు ఆఫీసు మనకు కట్టే ధర మనం కొనే ధర కంటే బాగా తక్కువ. అందుకే రెండు దగ్గర ఆగాను. నీ లెక్క వేరుగా తేలవచ్చు, కానీ లెక్క వెయ్యకుండా మూడు అనకు.

సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 ఇస్తారు, అంతకు మించి ఎంత పెట్టినా అంతే. నీకు అది అప్పుడే వచ్చేసింది.

ఇక అసలు చిక్కు పాత ప్యానెళ్లతో కొత్తవి కలపడం. మా పాతవి 335 వాట్లవి, 9 ఆంపియర్ల దగ్గర పనిచేస్తాయి. ఇప్పుడు షాపులో దొరికేవి 540 వాట్లవి, వాటి కరెంటు 13 ఆంపియర్లు. రెండిటినీ ఒకే వరసలో సిరీస్‌గా కడితే వరసంతా తక్కువ ఆంపియర్లకే నడుస్తుంది. 540 ప్యానెల్ 370 దగ్గర ఆగిపోతుంది. డబ్బు పెట్టి కొన్నదానిలో మూడో వంతు గాలికి పోయినట్టే! అలా ఒకే తీగకు కలిపేస్తానని ఎవరన్నా అంటే వెంటనే వద్దను. కొత్తవాటికి విడి వరస ఉండాలి, ఇన్వర్టర్‌లో (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) విడి ఎంపీపీటీ, అంటే ఆ వరస నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే భాగం, ఉండాలి. మా పాత ఇన్వర్టర్‌లో అది ఒకటే ఉంది. దాన్ని తీసేసి 5 కిలోవాట్లది పెట్టొచ్చు. నేను మాత్రం పాతదాన్ని ఉంచి, నాలుగు కొత్త ప్యానెళ్లకు పక్కనే చిన్న ఇన్వర్టర్ పెట్టించాను. ఒకటి మొరాయించినా రెండోది నడుస్తుందని నా ధైర్యం.

కరెంటు ఆఫీసుకు చెప్పకుండా కలిపేద్దాం, ఎవరూ చూడరు అని మాకు ఒకరు సలహా ఇచ్చారు. ఆ మాట వినకు. గ్రిడ్‌కు ఇచ్చిందీ, తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ ఒప్పందం పాత కెపాసిటీకే ఉంటుంది. పైగా భయపడాల్సిందేమీ లేదు. 2024 ఫిబ్రవరిలో మారిన రూల్స్ ప్రకారం 10 కిలోవాట్ల దాకా ఇళ్లకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, అవసరమైతే శాంక్షన్డ్ లోడ్, అంటే మన కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు, వాళ్లే పెంచుతారు.

నీడ సంగతి మాత్రం నువ్వే స్వయంగా చూసుకో. మీ దక్షిణం వైపు వాళ్లు పై అంతస్తు వేస్తున్నారన్నావు కదా? ఇప్పుడు చూసి నీడ లేదనుకోకు, ధనుర్మాసంలో చూడు. అప్పుడు సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, నీడలు పొడుగ్గా పడతాయి. ఒక ప్యానెల్ మీద కాసింత నీడ పడినా దాని వరసంతా దిగుతుంది. రోహిణి కార్తెలో ఉత్పత్తి తగ్గితే మాత్రం కంగారు పడకు. వేడికి ప్యానెళ్లు నీరసపడతాయి, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పోతుంది. మా దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలలే బాగుంటాయి.

అమ్మ వడియాలు పెట్టుకోవడానికి చోటు పోతుందని బాధపడింది. అందుకే స్టాండ్లు ఎత్తుగా వేయించాను. మీది సముద్రానికి దగ్గర కాబట్టి ఎత్తు పెంచితే గాలి తోపుడు ఇంకా ఎక్కువ. జింకు పూత మందంగా ఉన్న ఇనుమే వాడమను, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వెయ్యమను, కాళ్లు శ్లాబులోకి గట్టిగా దిగాలి. తుపాను వచ్చాక చింతించి లాభం లేదు.

ఇంకోటి, కెపాసిటీ పెంచినంత మాత్రాన కరెంటు పోయినప్పుడు ఇల్లు వెలగదు. లైన్‌లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం. కోతలకు కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరే.

చెల్లాయి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు. ఈసారి తప్పకుండా రాయి. నీ ఏడాది బిల్లులు, ఇన్వర్టర్ పక్కనున్న నేమ్‌ప్లేట్ ఫొటో వాట్సాప్‌లో పంపు. అందులో ఎంపీపీటీలు ఎన్నో చూసి, రెండోది ఖాళీగా ఉంటే నీకు కొత్త ఇన్వర్టర్ ఖర్చు తప్పుతుందేమో చెప్తాను. అప్పటిదాకా ఆ కుర్రాణ్ణి ఆగమను.

నీ
శేషు