బీర పిందెలు ఎందుకు రాలుతున్నాయంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

సైనిక్‌పురిలో మా డాబా మీద ఆరేళ్ళుగా మిద్దె తోట పెంచుతున్నాను. ఈసారి బీరపాదు నిండా పూలే, కానీ పిందెలు చిటికెన వేలంత అయినా కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి, బలం చాలలేదేమోనని జీవామృతం పోశాను, వేపపిండి వేశాను, లాభం లేదు. తర్వాత తట్టింది. మా పక్క ఖాళీ ప్లాటును వేసవిలో జేసీబీ పెట్టి చదును చేశారు, అందులోని గడ్డిచామంతి, తుమ్మి, ఎండిన మునగ మాను అన్నీ పోయాయి. ఆ మానుకు బెజ్జాలు చేసుకుని నల్ల తుమ్మెదలు ఉండేవి, మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి చేర్చేది అలాంటివే. ఇప్పుడు రోజూ సాయంత్రం, బీరపువ్వు విచ్చుకునే వేళకి, నేనే మగ పువ్వు తెంపి రేకులు తీసేసి ఆడ పువ్వుకి అద్దుతున్నాను. అలా అద్దినవే కాయలవుతున్నాయి.

ఈ మాటంటే తేనెటీగల పెట్టె కొనుక్కోమని సలహా ఇస్తున్నారు. పెట్టె మంచిదే, కానీ ఒక్క రకం ఈగతో అన్ని పనులూ కావండీ. వంగపువ్వును దగ్గరగా చూడండి, పుప్పొడి సన్నటి గొట్టాల్లాంటి అరల్లో ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. తుమ్మెదో, తుట్టె కట్టకుండా విడివిడిగా బతికే నీలి చారల ఒంటరి ఈగో పువ్వును గట్టిగా పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే ఆ పొడి జల్లున రాలుతుంది. పెట్టెలో పెంచే తేనెటీగకు అది చేతకాదు. పొట్లపువ్వు రాత్రి పూస్తుంది, దానికి చిమ్మటలు రావాలి. సీతాఫలం పువ్వులో దూరేవి మిరియపు గింజకన్నా చిన్న పెంకు పురుగులు. మోదుగకు తేనెపిట్టలు, ఇప్పకు గబ్బిలాలు. ప్రపంచంలోని ఆహార పంటల రకాల్లో నూటికి 75కు పైగా ఎంతో కొంత ఇలాంటి జీవుల మీద ఆధారపడ్డవేనని 2016లో జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీబీఈఎస్ నివేదిక చెప్పింది.

2025లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేసిన గొడవప్పుడు నెమళ్ళ గురించి, జింకల గురించి అందరం మాట్లాడుకున్నాం, మంచిదే, కానీ ఆ రాళ్ళ సందుల్లో, పొదల్లో బతికే ఈగలూ పురుగుల మాట పెద్దగా వినపడలేదు. ఒంటరి ఈగల్లో చాలా జాతులు గూడు పెట్టేది నేలలోనే. మనమేమో పార్కుల్లో, కాలనీల్లో జానెడు మట్టి కనపడితే టైల్స్ పరిచేస్తున్నాం, రాలిన ఆకులు తగలబెట్టేస్తున్నాం. ప్రతి పార్కులో ఒక మూల మట్టిని, కలుపును, ఒక ఎండు మానును అలాగే వదిలేస్తే ఖర్చేముంది?

ఇంకొకటి. పోయిన నెల మా వీధి చివర అపార్టుమెంటులో ఆరో అంతస్తు సజ్జ కింద పెద్ద తేనెతుట్టె పడితే రాత్రికి రాత్రి మంట పెట్టించారు, పొద్దున్నే వాచ్‌మన్ ఈగల్ని చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇలా పెద్ద తుట్టెలు పెట్టే కొండ తేనెటీగలు ఏడాదంతా ఒకచోట ఉండవు, పూల కాలం అయిపోతే వాటంతట అవే వెళ్ళిపోతాయి. పిల్లలకు అందే చోట పడితే భయం సహజం, కాదనను. మనిషి పోని ఎత్తులో ఉన్నవాటినైనా కదిలించకుండా వదిలేయమని మీ సిటీ పేజీలో రాయండి, అసోసియేషన్ల వాళ్ళు చదువుతారు.

— ఒక మిద్దె తోట గృహిణి, సైనిక్‌పురి, హైదరాబాద్