వల ఫొటో అచ్చులో ఎందుకు పాడవుతుంది?

ఎడిటర్ గారికి,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలవేట నిషేధం. ఏటా ఆ రోజుల్లో వలలు బాగుచేసుకునే మత్స్యకారుల ఫొటోలు జిల్లా పేజీల్లో తప్పకుండా వస్తాయి. చాలావాటిలో వల కన్ను కనపడదు, నీలం చారల మరకే కనపడుతుంది. తప్పంతా ప్రెస్సుది కాదు. పత్రికలో బొమ్మ చుక్కల వరసలుగా అచ్చవుతుంది. సన్నకన్ను వల గళ్లు ఆ వరసలకు దగ్గరగా వస్తే రెండూ కలబడి, వలలో లేని అలలు పుడతాయి. బాగా దగ్గరికెళ్లి పది పదిహేను కళ్లతోనే ఫ్రేము నింపాలి. లేదంటే బెండ్లు, సీసం గుళ్లతో సహా వల కుప్పలా కనిపించేంత దూరం జరగాలి. మధ్యదూరమే చేటు.

మన తీరం తూర్పు ముఖం. మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా పొద్దున్నే సముద్రం వైపు గురిపెడితే బోట్లు నల్లటి నీడలవుతాయి. అదే బాగుందనుకునేవాళ్లూ ఉన్నారు, మాకైతే విసుగొచ్చింది. బోటు రంగులు, దానిమీది పేరు కావాలంటే నీళ్ల అంచున నిలబడి ఊరివైపు తీయాలి. మే నెలలో 5:45కల్లా పొద్దు పొడుస్తుంది. ఎండెక్కాక ఇసుక తెల్లదనానికి కెమెరా మోసపోయి బొమ్మను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే లోపలికొచ్చే వెలుతురు రెట్టింపయ్యేదాకా, పెంచాలి. విసురువల గాల్లో విచ్చుకునే క్షణానికి షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు ఉండాలి.

లెన్స్‌మీద పడ్డ ఉప్పుజల్లును పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తని గుడ్డ వాడాలి. ఆరేసిన వల తొక్కకూడదు. చెప్పు బకిల్‌కు తగులుకుని కన్ను తెగితే మళ్లీ అల్లుకోవాల్సింది వాళ్లే. ట్రాక్టర్‌తో బోటు ఒడ్డుకు లాగేటప్పుడు మోకుకు ఎదురుగా నిలబడొద్దు, తెగితే కొరడాలా కొడుతుంది.

మీకొక విన్నపం. నిషేధం మరబోట్లకు, మోటారు బిగించిన బోట్లకే గానీ తెడ్డేసే పడవలకు కాదు. జనవరిలో తీసిన ఫొటోను మేలో తేదీ లేకుండా వేస్తే, ఐఎన్‌డీ ఏపీతో మొదలయ్యే బోటు నంబరు కూడా అందులో చదవగలిగేలా ఉంటే, ఆ యజమాని నిషేధం మీరినట్టు కనపడతాడు. తీసిన తేదీ, అది ఏరకం బోటో క్యాప్షన్‌లో వేయించండి.

- కొందరు ఫొటోగ్రాఫర్లు, కావలి