రేణిగుంట ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ కౌంటర్ల అద్దె గురించి

తిరుపతి విమానాశ్రయ డైరెక్టర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో సొంత కారు నడుపుకుంటున్న డ్రైవర్‌ని. టెర్మినల్లో కారు అద్దె కౌంటర్లకు స్థలం ఇచ్చే పద్ధతి గురించి రాస్తున్నాను.

ఎయిర్‌పోర్టుల్లో ఇలాంటి చోటు మామూలుగా టెండరు మీద ఇస్తారు. నెలకు ఇంత అని కనీస గ్యారంటీ, లేదా వచ్చిన ఆదాయంలో ఇంత శాతం, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ముందుగా డిపాజిట్, పైన జీఎస్టీ. విమానాలు రద్దయినా, సీజన్ చప్పబడినా సాధారణంగా గ్యారంటీ తగ్గదు. ఇంత భారం మోయగలిగేది పెద్ద ఆపరేటర్లే. కట్టిన డబ్బు వాళ్లు కిరాయిలోనే రాబట్టుకుంటారు కదా!

చివరికి ఆ బరువు పడేది భక్తుల మీదే. తలుపు దాటగానే ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని, కొండ మీదికి ఎంత, శ్రీకాళహస్తి కూడా చూపిస్తే ఎంత అని అడుగుతుంటారు. వాళ్లకు బేరమాడే ఓపిక ఉండదు.

అయ్యా, ఒక చిన్న కౌంటరైనా స్థానిక డ్రైవర్ల సంఘాలకు కేటాయించండి. గ్యారంటీని ప్రయాణికుల సంఖ్యతో ముడిపెట్టండి. రద్దీ తగ్గిన నెల అదీ తగ్గాలి. టెండరు షరతులు తెలుగులో కూడా పెట్టండి, మావాళ్లు చదివి అర్థం చేసుకుంటారు. తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి కిరాయిలు రాసిన బోర్డు ఒకటి బయటికొచ్చే దారిలో పెట్టించండి. ఈ బోర్డుకైతే ఇప్పటి కౌంటర్ల కాంట్రాక్టు గడువు ముగిసేదాకా ఆగక్కర్లేదు.

ఇట్లు,
ఒక ట్యాక్సీ డ్రైవర్, తిరుపతి