వార్షిక నివేదిక: పిల్లల క్యాన్సర్ డాక్టర్ల శిక్షణలో మన సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరాలు, బయటి ఊళ్ల కుటుంబాలకు బస, మందుల సాయం ఈ ఏడాదీ ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. ఈ నివేదికలో ముఖ్యంగా చెప్పాల్సింది, పిల్లల క్యాన్సర్ వైద్యంలో ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) చేస్తున్న యువ డాక్టర్లతో మనం మొదలుపెట్టిన పని గురించి.

క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ధనిక దేశాల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, వైద్యం మధ్యలో మానేయడం ఇందుకు పెద్ద కారణాలు. ఆ రెండూ తగ్గాలంటే దగ్గర్లో నిపుణులుండాలి.

అలాంటి నిపుణులు ఊరికే తయారవరు. ఎంబీబీఎస్, మూడేళ్ల పీడియాట్రిక్స్ ఎండీ అయ్యాక, రెండేళ్ల ఎఫ్‌ఎన్‌బీ (జాతీయ బోర్డు) ఫెలోషిప్ గానీ మూడేళ్ల డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు గానీ చేయాలి. లుకేమియా (రక్త క్యాన్సర్)తో పాటు తలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా లాంటి రక్త జబ్బులు కూడా వీళ్లే చూస్తారు. పని ఎంత జాగ్రత్తగా చేయాలో ఒక్క ఉదాహరణ చాలు. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందును వెన్నులోకి ఎక్కించవచ్చు. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు మాత్రం నరంలోకే వెళ్లాలి, పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇమ్మంటారు. ఆ మెథోట్రెక్సేట్, 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి చూపిన అమినోప్టెరిన్, రెండూ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చినవే. అలాంటి చోట, పిల్లలకు ఆ మందు ఎక్కించాలంటే ఇంకా జిల్లాలు దాటి రావాల్సి రావడం మాకు నిజంగా బాధగా ఉంది.

ఈ ఏడాది మన తల్లిదండ్రులు ఫెలోలతో కూర్చుని మాట్లాడారు. ‘జ్వరం వస్తే వెంటనే తీసుకురండి’ అని డాక్టర్లు చెప్పే మాట మీద చర్చ జరుగుతుంటే ఒక తల్లి లేచి, “సరే సార్, మా ఊరి ఆఖరి బస్సు ఏడింటికే పోతుంది. రాత్రి జ్వరమొస్తే ఏం చేయమంటారు?” అని అడిగారు. దాంతో ఫెలోలే ఒక చీటీ తయారుచేశారు: ‘ఈ బిడ్డకు కీమో నడుస్తోంది. తెల్లరక్తకణాలు పడిపోయి ఉండవచ్చు. గంటలోపు మొదటి డోసు యాంటీబయాటిక్ వేసి, ఆ తర్వాత మాకు పంపండి.’ దగ్గర్లోని ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు చూపించడానికి దాన్ని లామినేట్ చేయించి పిల్లల ఫైళ్లలో పెట్టించాం. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో మా దృష్టిలో ఇదే గొప్పది.

ఇంకో విషయమూ తేలింది. మొదటి నెల వైద్యంతో రిపోర్టు బాగా రాగానే నయమైపోయిందనుకుని కొందరు ఊరెళ్లిపోతున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకు రెండు మూడేళ్లు మందులు వాడాలని మొదటి రోజే, ఇంట్లో పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టి చెప్పమని ఫెలోలను కోరాం.

వచ్చే ఏడాది జిల్లా ఆసుపత్రుల నర్సులనూ ఈ సమావేశాలకు పిలవాలని కార్యవర్గం తీర్మానించింది. ఫెలోషిప్ సీట్లు పెంచాలని, శిక్షణ పూర్తయినవారికి జిల్లాల్లో పోస్టులు ఇవ్వాలని ప్రభుత్వానికి వినతిపత్రం ఇస్తాం. దానిపై సంతకాలు కావాలి. సమావేశాల్లో మాట్లాడగలిగిన తల్లిదండ్రులు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చినవారు, కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి.