కనీస మొత్తం కట్టేవారికి క్రెడిట్ కార్డు వద్దు

సంపాదకులకు,

శ్రీకాకుళం, విజయనగరంలో షాపింగ్ మాల్స్ ముందు బల్లలు వేసుకుని క్రెడిట్ కార్డులు ఇస్తున్నారు. 'లైఫ్‌టైమ్ ఫ్రీ' అంటారే గానీ వడ్డీ ఎలా పడుతుందో విడమరిచి చెప్పేవారు తక్కువ. డెబిట్ కార్డు పక్కన పెట్టి దీన్ని వాడొచ్చా అంటే, నెలనెలా జీతం పడి, బిల్లు మొత్తం గడువులోగా కట్టగలిగినవారికి లాభమే. మిగతావారు దీని జోలికి పోకపోవడం మంచిది.

అసలు లాభం రివార్డు పాయింట్లలో లేదు, అవి చాలా కార్డుల్లో వందకు రూపాయి కూడా రావు. మోసం జరిగినప్పుడు తెలుస్తుంది తేడా. డెబిట్ కార్డు వివరాలు దొంగల చేతిలో పడితే పోయేది మన ఖాతాలోని డబ్బు. ఆ వారంలోనే ఇంటి లోన్ కిస్తీ ఉంటే అది బౌన్స్ అవుతుంది, దానికి మళ్లీ జరిమానా. క్రెడిట్ కార్డులో విచారణ తేలేదాకా ఇరుక్కునేది బ్యాంకు సొమ్ము. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు రెండు కార్డులకూ వర్తిస్తుంది: మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే మనపై భారం సున్నా. ఫిర్యాదు అందాక పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మన నెత్తినే. అందుకే ముందు కార్డు బ్లాక్ చేయించి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇక కొంపముంచేది, ఈ నెలకు ఇంత కడితే చాలంటూ బిల్లులో కనిపించే 'కనీస మొత్తం'. 20 వేల బిల్లుకు 5 శాతం చొప్పున వెయ్యి కట్టి ఊరుకున్నారనుకుందాం. నెలకు 3.5 శాతం లెక్కన వడ్డీ 700, దానిపై 18 శాతం జీఎస్టీ 126. కట్టిన వెయ్యిలో 826 అటే పోయి, అసలులో తగ్గేది 174 రూపాయలే. వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. మర్నాడు కొన్న బియ్యం బస్తాకూ ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

ఈ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి. చాలా బ్యాంకులు 2.5 శాతం లేదా కనీసం 500 రూపాయలు వసూలు చేస్తాయి, వడ్డీ అదే రోజు మొదలు. రెండు వేలు తీసినా 500 పోయినట్టే. దుకాణదారు క్రెడిట్ కార్డుకు రెండు శాతం అదనం అడిగితే డెబిట్ కార్డో, ఖాతాకు కలిపిన యూపీఐయో వాడటమే నయం.

పలాస జీడి రైతులకు, వరి మీద బతికేవారికి డబ్బు పంటకే చేతికొస్తుంది, కార్డు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. వాళ్లకు కావలసింది కిసాన్ క్రెడిట్ కార్డు. అది పంట రుణం; వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది.

తీసుకున్న క్రెడిట్ కార్డు వద్దనుకుంటే బాకీ సున్నా చేసి, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు మీకివ్వాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన చెబుతోంది.

మన జిల్లాల బ్యాంకర్లకు ఒక విన్నపం. బిల్లు సొమ్మును ఖాతా నుంచి నెలనెలా బ్యాంకే తీసుకునే ఆటో డెబిట్ ఫారంలో 'కనీస మొత్తం', 'పూర్తి మొత్తం' అని రెండు గడులుంటాయి. సంతకం పెట్టించే ముందు ఆ రెండింటి తేడా తెలుగులో చెప్పి, ఖాతాదారు చేత్తోనే టిక్ పెట్టించండి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం