చేతులు కట్టేసి కూడు పెడితే

కాశీబుగ్గ,
ఆదివారం

ఒరే సూరీ,

ఎలగున్నావురా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? ఇంగ్లండులో మీ లీడ్స్ ఊరి చలి గురించి నువ్వు రాసిందంతా చదివాను గానీ, మీ వీధిలో ఉంటున్న ఆ సూడాన్ కుర్రాడి సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. వాళ్ళ ఊళ్ళో కరెంటు పని చేసేవాడన్నావు. శరణు కోరి దరఖాస్తు పెట్టుకుని, పని చేసే వీల్లేక పొద్దంతా గదిలోనే కూర్చుంటున్నాడన్నావు. పని తెలిసినోడికి అంతకంటే శిక్షేటుంటాదిరా?

శరణు కోరినవాళ్ళ పని గురించి బ్రిటన్ రూలేటో వెతికి చదివాను. దరఖాస్తు పెట్టిన 12 నెలల దాకా పనికి అనుమతి అడగడానికే లేదట. ఆ తర్వాతా, ఆలస్యం తన వల్ల జరగలేదని తేలితేనే. అనుమతి వచ్చినా ప్రభుత్వం జాబితాలో ఉన్న ఉద్యోగాలే చెయ్యాలి. అందాకా ఇచ్చే భత్యం, 2024 లెక్కన, సొంతంగా వండుకునేవాళ్ళకి వారానికి 49 పౌండ్ల 18 పెన్నీలు. రోజుకి ఏడు పౌండ్లు. అందులోనే తిండి, బట్టలు, బస్సు ఛార్జీ అన్నీ. 2002 వరకు ఆరు నెలలు దాటితే పనికి అడిగే వీలుండేదట, దాన్నీ తీసేశారు.

పనికి ఒప్పుకుంటే ఇంకా జనం వచ్చిపడతారని అక్కడి ప్రభుత్వం వాదన. నాకది ఎక్కడం లేదు. మన ఉద్దానం నుంచి చెన్నైకో గల్ఫ్‌కో పోయేవాడు కూలెంతో కనుక్కునే బయల్దేరతాడు, నిజమే. ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తేవాడు పక్కూళ్ళో కూలి రేటు అడుగుతాడా? పైగా వద్దన్నంత మాత్రాన పని ఆగదు. చాటుగా సగం కూలికి చేయించుకునేవాడు దొరుకుతాడు. ఆ సగమూ ఎగ్గొడితే ఈ మనిషి ఎవరి దగ్గరికెళ్ళి చెప్పుకోవాలి?

ఐర్లాండ్‌లో ఇలాగే అసలు పనే చెయ్యకూడదని నిషేధం ఉండేదట. ఎనిమిదేళ్ళు వసతి గృహంలో ఉన్న ఒకాయన కోర్టుకెక్కాడు. 2017 మేలో అక్కడి సుప్రీంకోర్టు, గడువంటూ లేకుండా పని నిషేధించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఇప్పుడక్కడ ఆరు నెలలు దాటినా మొదటి నిర్ణయం రాకపోతే అనుమతి తీసుకుని పని చెయ్యొచ్చు.

ఆ కేసు వేసినాయనది బర్మారా! చదవగానే మన వీధి చివరి రంగం (రంగూన్) తాత కళ్ళముందు కదిలాడు. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలన్నీ లాగేసుకుంటే, కట్టుబట్టలతో ఓడ దిగిన లక్షల మందిలో ఆయనొకడు. మనవాళ్ళే కాబట్టి పని చెయ్యొద్దని ఎవరూ అనలేదు. వచ్చిన వారంలోనే జీడిపప్పు బస్తాలు మోశాననీ, మొదటి కూలి చేతిలో పడ్డ రోజునే ఈ ఊరు నాదనిపించిందనీ చెప్పేవాడు. అలాంటివాళ్ళకి అప్పులివ్వడానికి 1969లో రెప్కో బ్యాంకు కూడా పెట్టారు. ఓడ దిగినవాళ్ళని ఏడాది పాటు కదలకుండా కూర్చోబెట్టుంటే ఏమైపోయుండేవారో!

మన దేశంలో మాత్రం అంతా సవ్యంగా ఉందనను. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకమే పెట్టలేదు, వాళ్ళకంటూ ఒక చట్టమూ లేదు. ఇక్కడా మారాలి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. సేవాసంస్థల్లో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచెయ్యడానికి ఆ కుర్రాడికి అడ్డు లేదు. దగ్గర్లో ఏదైనా ఉంటే వెంటబెట్టుకెళ్ళు, నలుగురు పరిచయమవుతారు, భాషా వస్తుంది. రెండోది, కామన్వెల్త్ పౌరుడిగా నీకక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. పేరు నమోదు చేయించుకున్నావా లేదా? చేయించుకుని మీ ఎంపీకి ఉత్తరం రాయి. ఏం రాశావో నాకూ పంపు.

అమ్మ నిన్ను అడిగిందని రాయమంది. పిల్లలకి జీడిపప్పు పార్సిల్ కట్టాను, ఆ కుర్రాడికీ ఒక పొట్లం ఇవ్వు.

నీ
రాము